నెలగంట నుంచి రథసప్తమి దాకా: సంక్రాంతి పని ఇల్లంతా పంచుకోవడం ఎలా

మా ఇంట్లో పండగ పని జనవరిలో మొదలవదు. డిసెంబరు 16నో 17నో నెలగంట పెట్టిన రోజే మొదలవుతుంది. సూర్యుడు ధనుస్సులోకి వెళ్లిన ఆ రోజు నుంచి భోగి దాకా ధనుర్మాసం. గుళ్లో తిరుప్పావై రోజుకొక పాశురం చొప్పున ముప్పై చదువుతారు. తిరుమలలోనైతే ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావే. అదంతా స్వామి లెక్క. ఇల్లు నడిపే మనిషికి మాత్రం ఈ నెల గడువు లాంటిది. దాన్ని సరిగ్గా వాడుకుంటే పండగ మూడు రోజులూ ఆడవాళ్లు కూడా అందరితో కలిసి విస్తరి ముందు కూర్చోవచ్చు. లేదంటే పిండి చేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి, "తినండి, తినండి, నేను తర్వాత తింటాను" అనడమే మిగులుతుంది.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లె. రోజూ ఇంట్లో ఉండేది మావారు, మా అత్తగారు, నేను. పండక్కి హైదరాబాద్ నుంచి అబ్బాయి, కోడలు, మనవరాలు వస్తారు. విశాఖ నుంచి అమ్మాయి, అల్లుడు వస్తారు. ఆడపడుచు వాళ్లు పక్క ఊరే కాబట్టి పొద్దున్న వచ్చి రాత్రికి వెళ్లిపోతారు. మీ ఇంటి లెక్క వేరేగా ఉండొచ్చు, పని పంచే పద్ధతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ముందు రైలు, తర్వాత బెల్లం

పిల్లలు ఎప్పుడొస్తారో తెలియకుండా ఏ పనీ తేలదు. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. భోగికి రెండు రోజుల ముందు బండెక్కాలంటే నవంబరు రెండో వారంలోనే, పొద్దున్న 8 గంటలకి ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. తిరుగు టికెట్టుకి అరవై రోజుల లెక్క విడిగా వేసుకోవాలి. వెళ్లే టికెట్టు దొరికిన సంతోషంలో చాలామంది దీన్ని మర్చిపోతారు. మా వైపు వచ్చేవాళ్లు రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో రావాలి. సామాను తక్కువ తెచ్చుకోమని ముందే చెప్పండి. వెళ్లేటప్పుడు ఎలాగూ రెండింతలవుతుంది.

కారులో వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. భోగి ముందు రోజు సాయంత్రం హైదరాబాద్‌లో బయల్దేరొద్దు. చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు దాటేసరికే పిల్లలకి ఆకలి, పెద్దలకి కోపం మొదలవుతాయి. తెల్లవారుజామున బయల్దేరాలన్నా పొగమంచు తేలేదాకా ఆగాలి. మావారైతే ఫోన్‌లో అబ్బాయితో "ఒరేయ్, ఆలస్యమైనా ఫర్వాలేదు, మంచులో బండి తీయొద్దు" అని పదిసార్లు చెబుతారు.

తేదీలు ఖాయమయ్యాక గోడ మీది కేలండర్‌లో జనవరి కాగితం తీసి, పాల లెక్క రాసుకునే చోటే ఎవరు ఏ రోజు వస్తారు, ఏ పని ఎవరిది అని రాసేయండి. నోటితో చెప్పిన పని ఎవరిదీ కాదు. పేరు రాసి పెట్టిన పని మాత్రం సిగ్గుకైనా జరుగుతుంది.

చలిలో రోజువారీ సంసారం

పండగ హడావుడిలో రోజువారీ వంట ఆగదు కదా. ఈ నెలలో మా వైపు మగవాళ్లకి చేలో కూడా పని ఎక్కువ. సార్వా, అంటే తొలి పంట ధాన్యం ఇల్లు చేరుతుండగానే దాళ్వా, అంటే రెండో పంట నారుమళ్లు, నాట్లు మొదలవుతాయి. మావారు తెల్లారకుండానే చేలోకి వెళితే, ఎండెక్కాక ఆకలితో వస్తారు. అందుకని ఈ నెలంతా పొద్దున్న టిఫిన్ కడుపు నిలిచేదిగా ఉండాలి.

అసలు చిక్కు పిండితోనే. చలికి ఇడ్లీ పిండి, దోసెల పిండి పొంగవు. నానబెట్టేటప్పుడే చెంచాడు మెంతులు, గుప్పెడు అటుకులు వేయండి. రుబ్బేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోయండి. రుబ్బిన పిండిని చేత్తో బాగా కలిపి, రాత్రి వంట అయ్యాక పొయ్యి పక్కనే పెట్టి, మీద పాత తువ్వాలు కప్పండి. పొయ్యి ఆపాక కూడా గట్టు కాసేపు వెచ్చగా ఉంటుంది, ఆ వేడి చాలు. పాలు మామూలు కంటే కాస్త వేడిగా ఉన్నప్పుడే తోడు వేయండి. చెంచా వేసేచోట చెంచాన్నర మజ్జిగ వేసి, గిన్నెని బియ్యం డబ్బాలో దాచండి. తెల్లారేసరికి గడ్డ పెరుగు.

కొబ్బరినూనె గడ్డకడితే నిప్పుల మీద పెట్టొద్దు, సీసాని స్నానాల వేడినీళ్లలో నిలబెడితే చాలు. ఉతికిన బట్టలు మంచు పడకముందే, నాలుగున్నరకల్లా లోపలికి తేవాలి. దుప్పట్లు, బొంతలు, దిండు గలేబులు మాత్రం పండగ వారంలో ఉతకొద్దు. డిసెంబరు ఆఖరి వారంలో మధ్యాహ్నపు ఎండ బాగుంటుంది. రోజుకి రెండు చొప్పున ఉతికి, ఎండబెట్టి, వేపాకు వేసి పెట్టెలో పెట్టేస్తే చుట్టాలొచ్చే రోజుకి ముక్క వాసన ఉండదు. దగ్గు మొదలైన వాళ్లకి మిరియాల చారు, వేడన్నం. చిక్కుడుకాయలు, లేత వంకాయలు, పచ్చి కందికాయలు సంచుల్లో వచ్చే కాలం ఇది. కూరల గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ముగ్గు, గొబ్బెమ్మ, పిడక

వాకిట్లో పేడ కళ్లాపి చల్లి ముగ్గు వేయడం నెలంతా రోజూ ఉండే పని. నేర్చుకునేవాళ్లు మొదటి రోజే పెద్ద ముగ్గు జోలికి వెళ్లొద్దు. ఏడు చుక్కల సరి చుక్కతో మొదలుపెట్టండి. అంటే ఏడు, అయిదు, మూడు, ఒకటి అని రెండు వైపులా తగ్గుతూ పోవడం. సందు చుక్కలో రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా చుక్క పడుతుంది. పదిహేనుతో మొదలుపెట్టి పద్నాలుగు, పదమూడు అంటూ ఎనిమిది దాకా వెళ్లే పెద్ద ముగ్గు పండగ రోజులకి దాచుకోండి. చుక్కలు పెట్టేటప్పుడు మధ్య వరుస ముందు పెట్టాలి. పై నుంచి మొదలుపెడితే వంకర పోతుంది. కళ్లాపి తడి పూర్తిగా ఆరకముందే వేస్తే పిండి నేలకి అతుక్కుంటుంది, గాలికి లేవదు.

మా మనవరాలు అపార్ట్‌మెంట్‌లో పెరుగుతోంది. వాళ్ల గుమ్మం ముందు టైల్స్ మీద తడిపిన బియ్యప్పిండితో చిన్న ముగ్గు వేయడం నేర్పాను. చీమలకి తిండి, తుడిస్తే పోతుంది. రంగులు మాత్రం పండగ మూడు రోజులకే కొనండి. నెలంతా రంగులైతే భోగి నాటి ముగ్గుకి ప్రత్యేకత ఉండదు.

గొబ్బెమ్మలకి ఆవుపేడ కావాలి. పాలు పోసే అతనికి ముందే చెప్పి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. పేడ మరీ పల్చగా ఉంటే గొబ్బెమ్మ కూలిపోతుంది, కాస్త ఆరనిచ్చి ముద్ద చేయండి. పసుపు, కుంకుమ పెట్టి, నెత్తిన గుమ్మడి పువ్వు గుచ్చాలి. గుమ్మడి పువ్వు దొరకని చోట బంతి, చామంతి పెట్టుకోవచ్చు. మా అత్తగారు మాత్రం ఒప్పుకోరు. గుమ్మడి పాదు దొడ్లో వేసేది కాయ కోసమా, ఈ పూల కోసమా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

భోగి పిడకల దండ కావాలంటే మాత్రం డిసెంబరు దాటకుండా మొదలుపెట్టాలి. చలికాలంలో ఎండ తక్కువ, రాత్రి మంచు. పిడక పైకి ఎండినట్టు కనిపించినా లోపల పచ్చిగానే ఉంటుంది. అరచేతిలో సగం ఉండేలా చిన్నవి తట్టి, మధ్యలో వేలితో కన్నం పెట్టి, తడి లేని గోడకో, తాటాకు మీదో ఆరబెట్టండి. రెండు రోజులకి తిరగేయండి. సాయంత్రం లోపల పెట్టేయండి. వారం, పది రోజులు పడుతుంది. దండ గుచ్చే పని పిల్లలది. ఊరికి రాని పిల్లల పేరు మీద కూడా ఒక దండ గుచ్చుతాం మా ఇంట్లో. వీడియో కాల్‌లో చూపించి మంటలో వేస్తాం.

హరిదాసు వచ్చే వేళకి గుమ్మం దగ్గర చిన్న గిన్నెలో బియ్యం పెట్టి ఉంచండి. ఆయన ఆగి అడగరు. చిడతలు వాయిస్తూ, కీర్తన పాడుతూ వచ్చి, వంగితే నెత్తి మీది పాత్రలో బియ్యం పోయాలి. ఈ పని పిల్లల చేత చేయించండి. గంగిరెద్దుల వాళ్లకి ఇవ్వడానికి పాత బట్టలు కాకుండా కట్టుకునేలా ఉన్న చీరో, పంచో తీసి పెట్టుకోండి.

పిండివంటలు: మూడు చాలు

నా మాట వినేవాళ్లు మూడే రకాలు చేస్తారు. ఒక తీపి పాకం వంట, ఒక ఉండ, ఒక కారం. మాకు అరిసెలు, సున్నుండలు, జంతికలు. పూతరేకులు ఆత్రేయపురం నుంచి కొనుక్కుంటాం. అక్కడి ఆడవాళ్ల చేతిలో వచ్చే పల్చదనం మన చేతికి రాదు. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సకినాలు మా కోడలి పుట్టింటి నుంచి వస్తాయి. వాళ్లది కరీంనగర్ వైపు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్ల గుడ్డ మీద చేత్తో చుట్టలు చుట్టుకుంటూ పోతారు. "అత్తయ్యా, మీరు జంతికల గొట్టంతో పిండుకోండి, ఇది మీ వల్ల కాదు" అంటుంది. కాదని నేనూ అనను. రెండు వైపుల డబ్బాలూ మారతాయి, అందరికీ లాభం.

ఇక అరిసెలు. వాయిదా వేయకూడని పని ఇదే. భోగికి ఓ వారం ముందు, ఇంట్లో ఇంకో బలమైన చెయ్యి ఉన్న రోజు చూసుకోండి. పాకంలో పిండి పోసేవాళ్లు ఒకరు, తెడ్డుతో కలిపేవాళ్లు ఇంకొకరు ఉండాలి. ఒంటరిగా చేస్తే ఉండలు కడుతుంది. మా ఇంట్లో తెడ్డు మావారిది. చేలో నాట్లు లేని రోజు చూసి కేలండర్‌లో ఆయన పేరు రాస్తాను.

రెండు కిలోల లావు బియ్యానికి కిలోన్నర బెల్లం సరిపోతుంది. తీపి తక్కువ తినేవాళ్లు ఇంకాస్త తగ్గించుకోవచ్చు. బియ్యాన్ని ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టాలి. మధ్యలో రెండు సార్లు నీళ్లు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. నీళ్లు వంచి, బట్ట మీద కాసేపు పరిచి, చేతికి తడి తగులుతుండగానే పిండి పట్టించాలి. పూర్తిగా ఆరిన బియ్యం పిండితో అరిసె రాదు. మరలో తడిబియ్యం ఏ రోజు పడతారో ముందే కనుక్కోండి. పండగ ముందు వారంలో అక్కడ జనం కిటకిటలాడుతుంటారు. పట్టిన పిండిని జల్లించి, గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పాలి. గాలి తగిలితే తడి పోతుంది.

బెల్లాన్ని ముందు గ్లాసుడు నీళ్లలో కరిగించి వడగట్టండి. మాకు అనకాపల్లి బెల్లం వస్తుంది. ఎంత మంచి బెల్లమైనా ఇసుక, పీచు కొంచెం ఉంటాయి. వడగట్టాక మళ్లీ పొయ్యి మీద పెట్టి, నురగ పొంగుతున్నప్పుడు పళ్లెంలో నీళ్లు పోసుకుని దగ్గర పెట్టుకోండి. చుక్క వేస్తే నీళ్లలో చెదిరిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయ్యి, చేతిలో నిలిచిందంటే అదే అరిసె పాకం. ఆ ఉండని పళ్లేనికి కొడితే టంగుమనేదాకా ఆగారంటే అది వేరుశనగ అచ్చుల పాకం, అరిసెకి పనికిరాదు. ఈ రెండింటికీ మధ్య తేడా నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది. ఆ సమయంలో ఫోన్ ఎవరు చేసినా ఎత్తొద్దు.

పాకం రాగానే దించి, నాలుగైదు చెంచాల నెయ్యి, గుప్పెడు నువ్వులు, యాలకుల పొడి వేయండి. తర్వాత పిండి పోస్తూ కలుపుతూ పోవాలి. కొలిచిన పిండి మొత్తం పట్టాలని లేదు. తెడ్డు ఎత్తితే చలిమిడి జారుగా, ముద్దగా పడాలి, అక్కడ ఆపేయండి. చల్లారాక అది ఇంకా బిగుస్తుంది. మిగిలిన పిండి పారేయకుండా పక్కన ఉంచండి, దాని అవసరం రావచ్చు.

మొదట ఒక్క అరిసె వేసి చూడండి. అరటాకు మీద నూనె రాసి, నిమ్మకాయంత ఉండని వేళ్లతో ఒత్తి, మధ్యస్థంగా కాగిన నూనెలో జారవిడవాలి. నూనెలో విడిపోతే పాకం లేతగా ఉన్నట్టు, ఆ మిగిలిన పిండి రెండు గుప్పిళ్లు కలపండి. గట్టిగా వస్తే ముదిరినట్టు, గోరువెచ్చటి పాలు చిలకరించి బాగా పిసకండి. రెండు వైపులా ఎర్రబడ్డాక తీసి, అరిసెల చెక్కల మధ్య పెట్టి నూనె ఓడేలా నొక్కాలి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. ఒకదాని మీద ఒకటి వేడిగా పేర్చొద్దు, అతుక్కుపోతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

సున్నుండలకి పొట్టు మినుములు సన్నసెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పిండి పట్టించండి. కిలో మినుములకి ముప్పావు కిలో తరిగిన బెల్లం, ఉండ నిలిచేంత నెయ్యి. అంతే. జంతికలు ఆఖర్న, భోగి ముందు రోజు చేస్తే కరకరలాడతాయి. నాలుగు గ్లాసుల బియ్యప్పిండికి గ్లాసు శనగపిండి, వాము, నువ్వులు, ఉప్పు, కారం, కాచిన నూనె ఒక గరిటె. పిండి గట్టిగా కలిపితే గొట్టం తిప్పేవాళ్ల భుజాలు పోతాయి. ఆ పని వచ్చిన అబ్బాయికి అప్పగించండి. హైదరాబాద్ జిమ్‌లో చేసేదానికంటే ఇది మంచి కసరత్తే.

భోగి

పండగ తేదీలు ఒక్కో ఏడు ఒక్కరోజు అటూ ఇటూ అవుతాయి. 2025లో భోగి జనవరి 13న, 2026లో 14న వచ్చింది. ఊళ్లో పంచాంగం చూసే పంతులుగారి మాటే ఆఖరు.

మంట పెట్టే చోటు ముందు రోజు పగలే చూడండి. పైన కరెంటు తీగ, కొబ్బరి మట్ట ఉండకూడదు. మా కోనసీమలో ఈ రెండూ లేని చోటు వెతకడమే పెద్ద పని. ఎండిన కొబ్బరి మట్టలు, తాటాకులు, పాత కర్రలు వేయండి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగు వేసిన చెక్కలు వద్దు. ఆ పొగ పీల్చేది మన పిల్లలే. పక్కన రెండు బకెట్ల నీళ్లు, కాస్త ఇసుక ఉండాలి. పిల్లలకి నూలు బట్టలు వేయండి, జారే చున్నీలు, నైలాన్ గౌన్లు వద్దు. మంట సద్దుమణిగాక నిప్పుల మీద కాగు పెడితే అందరికీ తలంటు నీళ్లు కాగుతాయి. నలుగుపిండి, కుంకుడుకాయల రసం ముందు రోజు రాత్రే సిద్ధం చేసుకోండి.

అయిదేళ్లలోపు పిల్లలుంటే సాయంత్రం భోగిపళ్లు. శనగలు ముందు రోజు రాత్రే నానబెట్టాలి, లేకపోతే గట్టిగా తగులుతాయి. చిన్న రేగుపళ్లు కడిగి ఆరబెట్టండి. వాటితో బంతిపూల రేకులు, చిన్న చెరకు ముక్కలు, నాణేలు కలపండి. రూపాయి, రెండు రూపాయల నాణేలు ఆ పూట ఎక్కడా దొరకవు. డిసెంబరు నుంచే కిరాణా కొట్టు చిల్లర ఒక డబ్బాలో వేసుకుంటూ రండి. దోసిలితో తీసి తల చుట్టూ తిప్పి నెమ్మదిగా జారవిడవాలి, విసరకూడదు. మరీ చంటిపిల్లలకి పూలరేకులే ఎక్కువ వేయండి. పేరంటం కాగానే కింద పడ్డవన్నీ ఊడ్చేయాలి. పాకే పిల్లలు శనగగింజ గానీ, నాణెం గానీ నోట్లో పెట్టుకుంటే ప్రమాదం.

బొమ్మల కొలువు మా అత్తగారి శాఖ. మెట్లు మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి సంఖ్యలో ఉండాలి. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల్ని తడిగుడ్డతో తుడవొద్దు, పొడి నూలు గుడ్డ చాలు. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఏ బొమ్మ ఎక్కడో చెబుతుంటే మనవరాలు పెడుతుంది. వాళ్లిద్దరి మధ్యలోకి మనం వెళ్లకపోవడమే మంచిది.

సంక్రాంతి, కనుమ

సంక్రాంతి పెద్దల రోజు. తర్పణాలు, కొత్త బట్టలు పెద్దల దగ్గర పెట్టడం, గుమ్మడికాయ దానం, కొత్త బియ్యంతో పరమాన్నం, గుమ్మడికాయ దప్పళం. ఎవరి ఇంటి ఆచారం వాళ్లది, ఇందులో నేను చెప్పేదేమీ లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ రోజు వంట మడితో చేసేవాళ్లుంటే, పిల్లలకి పొద్దున్నే ఇడ్లీ విడిగా పెట్టేయండి. పెద్దలకి పెట్టేదాకా పిల్లల్ని ఆకలితో ఉంచమని ఏ పెద్దలూ అనరు.

పట్నం పిల్లలు గాలిపటాలు తెస్తారు. కొబ్బరి తోటల్లో ఎగరేస్తే అది చెట్టుకే అంకితం, కోత కోసిన చేల వైపు పంపండి. నైలాన్ మాంజా నిషేధం, పక్షులకీ, బండి మీద వెళ్లేవాళ్ల మెడలకీ గండం. నూలు దారమే ఇవ్వండి.

కనుమ పశువులది. పశువులున్నవాళ్లు కడిగి, కొమ్ములకి రంగులు వేసి, మెడలో పూసలు కడతారు. "కనుమ నాడు మినుము తినాలి" అంటారు కాబట్టి గారెలు తప్పవు. మినప్పప్పు మూడు, నాలుగు గంటలకి మించి నానకూడదు, రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించడమే గానీ పోయకూడదు. నాటుకోడి కావాలంటే పండగకి పది రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. కనుమ పొద్దున్న అడిగితే రేటు వినగానే పప్పుచారు గుర్తొస్తుంది.

కొత్త అల్లుడికి వంద రకాలు వడ్డించి ఫొటో తీయడం ఈ మధ్య మా జిల్లాల్లో బాగా పెరిగింది. నాకు నచ్చదు. మా అల్లుడు మొదటి పండక్కి వచ్చినప్పుడు పది రకాలు వేడివేడిగా వండాను. వంద రకాల్లో తొంభై చల్లారిపోయి ఉంటాయి, తినేవాడికి మొహమాటం, వండినవాళ్లకి నడుం నొప్పి. కోడి పందేల బరికి వెళ్లే మగవాళ్ల గురించి కూడా ఒక మాట. చట్టం ఒప్పుకోదు, అయినా వెళ్తారు. వెళ్లేవాళ్ల పర్సు మాత్రం ఇంట్లో ఉంచుకోండి.

మా వైపు కనుమ అంటే జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద అక్కడికి చేరతారు. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగు బట్టలతో అలంకరించిన ఎత్తైన చట్రం. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని భుజాల మీద మోస్తూ, నీళ్లున్న కౌశిక కాలువలోంచే దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద చూపించింది ఈ తీర్థాన్నే. వెళ్లేవాళ్లు పన్నెండు లోపే భోజనాలు ముగించి, బండి దూరంగా పెట్టి నడవండి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. గట్టు అంచున నిలబడొద్దు, ప్రభ కదిలినప్పుడు జనం వెనక్కి తోస్తారు. జీళ్లు, ఖర్జూరం కొనకుండా తిరిగొచ్చిన వాళ్లని నేనింకా చూడలేదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అందుకే పిల్లల తిరుగు ప్రయాణం ముక్కనుమ తర్వాతే పెట్టుకోమంటాను. సెలవు లేని వాళ్లని మాత్రం ఆచారం పేరు చెప్పి ఏడిపించొద్దు. వాకిట్లో రథం ముగ్గు వేసి, దాని తాడు పక్కింటి ముగ్గుదాకా లాగి, చక్కగా సాగనంపండి.

మూటలు కట్టాక

అరిసెలు ఎవరి వాటా వాళ్లకి ముందే డబ్బాల్లో పెట్టి పేర్లు రాయండి. ఆఖరి నిమిషంలో పంచితే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అవుతుంది. జంతికలు స్టీలు డబ్బాలోనే సర్దాలి, కవర్లలో పెడితే ఊరు చేరేసరికి పొడి అవుతుంది. పది రోజులకి అరిసె గట్టిబడితే ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టమని పిల్లలకి చెప్పండి.

దొడ్లో మిగిలిన బూడిద గుమ్మడికాయలతో వడియాలు పెట్టుకోవడానికి జనవరి ఆఖరి ఎండలు సరిపోతాయి. అన్నట్టు, పిడకలన్నీ భోగి మంటలోకి పోనివ్వొద్దు. రథసప్తమి నాడు తులసి కోట దగ్గర ఆ పిడకల మీదే పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకులో సూర్యుడికి నైవేద్యం పెట్టాలి. పిల్లల కంట పడకుండా ఒక పది పిడకలు భోగి ముందు రోజే అటక మీద పెట్టేయండి.